నోటి క్యాన్సర్ - వైరస్ పాత్ర

మన పెద్దలు రాచపుండు అని భయపడిన వ్యాధినే నేడు క్యాన్సర్ అంటున్నాము. నోటి క్యాన్సర్‌కు పొగాకు ప్రధాన కారణమని అందరూ ఎరిగినదే. వైరస్ కూడా కారణం కాగలదా అన్నది ఇక్కడ విచారింపదగిన విషయము.

కోళ్ళలో ఒక రకపు కంతి వైరస్ వలన కలుగుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు పేటన్ రౌస్ 1911లో చూపాడు. అందుకు నోబెల్ బహుమతి 1966లో గాని ఆయనకు లభించలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మానవ పాపిలోమా వైరస్ మూలమని కనుగొన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్ 2008లో ఆ బహుమతి పొందాడు. ఈ వైరస్ రకాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో 16వ రకం గొంతు భాగంలోనూ క్యాన్సర్ కలిగిస్తుంది.

జీవకణాలు అదుపు తప్పి పెరగకుండా కొన్ని ప్రోటీన్లు కావలి కాస్తుంటాయి. ఈ వైరస్ పుట్టించే ఇ6, ఇ7 అనే ప్రోటీన్లు ఆ కావలిని నిర్వీర్యం చేస్తాయి. పొగాకులోని విషద్రవ్యాలు కణంలోని జన్యువులనే చెరుపుతాయి.

కారణమేదో పుండు పుట్టిన చోటు చాలావరకు సూచిస్తుంది. వైరస్ వలన కలిగేది ఎక్కువగా టాన్సిళ్ళలో, నాలుక మొదట కనిపిస్తుంది. బుగ్గల లోపల, చిగుళ్ళపై పుట్టేది మన దేశంలో అధికంగా పొగాకు, వక్కల ఫలితమే. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాలలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు కలదు. అట్టి స్త్రీలలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు గుర్తించారు.

కనుక వైరస్‌ను సాకుగా చూపి గుట్కా మానకపోవడం ఆత్మవంచన. పటాన్‌చెరు కర్మాగారాలలో రాత్రి షిఫ్టున నిద్ర ఆపుకొనుటకు ఖైనీ దవడన పెట్టుకొనేవారున్నారు. మన దావతులలో జర్దా పాన్ అందించడం మర్యాదగా భావింపబడుతున్నది. పొగాకు కలపని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. 16వ రకం వైరస్‌ను అడ్డుకొనే టీకా నేడు లభిస్తున్నది. పొగాకుకు మాత్రం మానివేయడమే మందు.

విద్యార్థులారా! నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు తెరవడంలో కష్టం ఇంటిలో ఎవరికి కనిపించినా ఉపేక్షింపకండి. నొప్పి లేదని ఊరుకోరాదు. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును. వెంటనే దంతవైద్యునికి చూపించండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. తొలిదశలో గుర్తించిన వ్యాధి నయమయ్యే అవకాశం ఎంతో ఎక్కువ. తరగతిలో నేర్చిన ఈ నాలుగు మాటలు మీ తండ్రికి, అన్నకు చెప్పగలిగితే ఆ చదువు సార్థకము.