హేత్వాభాసములు

లోకమున వినవచ్చెడి వాదములలోఁ గొన్ని పైకి యుక్తియుక్తములుగఁ గనఁబడి లోన డొల్లలై యుండును. హేతువు గాక హేతువువలెఁ దోఁచునది హేత్వాభాసము. మన నైయాయికులు దీని నైదు విధములుగ విభజించిరి. అన్నంభట్టు తర్కసంగ్రహమును జదివినవారు వీని పేళ్లు వల్లింపఁగలరు; కాని పేరు తెలిసినంతమాత్రమున దొంగ పట్టుపడఁడు. కావునఁ బర్వతము, ధూమము నను పాత యుదాహరణములను విడిచి, మన యిండ్లకు సంబంధించిన వాదములయందే వీనిని బరీక్షింతము.

మొదటిది సవ్యభిచారము. "ఈ యాచారము తాతముత్తాతలనాఁటిది, కనుక మంచిది" అందురు. చౌర్యమును బ్రాచీనమైనదే కదా! సాధ్యము లేనిచోటఁగూడ నుండెడి హేతువు దేనిని సాధింపఁజాలదు. సహగమనమునకుఁ జిరకాలపు వాడుకను బ్రమాణముగఁ జూపినవారికి రామమోహనరాయలు 1818, 1820 సంవత్సరముల సంవాదములలో, అట్లయినచోఁ బరంపరగా దోపిడి చేయువారును నిర్దోషులే కావలయునని ప్రత్యుత్తరమిచ్చెను.

రెండవది విరుద్ధము. "చదువులేమిచే స్త్రీలు మూఢవిశ్వాసములకు లోఁబడుదురు; కనుక వారికి విద్య తగదు." ఈ హేతువు విద్య కావలయుననుటనే సాధించుచున్నది.

మూఁడవది సత్ప్రతిపక్షము. ఒకరు వితంతువివాహమును నిషేధించు వచనమును జూపఁగా, వేఱొకరు దాని ననుమతించు పరాశరవచనమును జూపుదురు. అప్పుడు తన వచనమునే బిగ్గఱగఁ జదివినందున జయము కలుగదు. ఏది ప్రబలమో కారణాంతరముచేఁ దేల్పవలయును. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో, పరాశరస్మృతి కలియుగమునకే విధింపఁబడినదని యట్టి కారణమును జూపిరి. మఱుసటి సంవత్సరమే వితంతువివాహ శాసన మేర్పడెను.

నాలుగవది యసిద్ధము. "స్త్రీలకు స్వభావముచేతనే బుద్ధి తక్కువ, కనుక శాస్త్రములు రావు." ఇచ్చట హేతువే నిరూపణమునకు నోఁచుకొనలేదు.

ఐదవది బాధితము. "మశూచికము దేవతాకోపమువలనఁ గలుగును, కనుక టీకాలు వ్యర్థము." టీకాలచేతనే యా వ్యాధి లోకమునుండి తొలఁగినదని 1980లోఁ బ్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. ప్రత్యక్షము నెదిరించి యనుమానము నిలువదు.

వీనితోడ మఱి రెండు దోషములు గుర్తింపఁదగినవి. వితంతువివాహము జరిగిన యింట నెవరైన జబ్బుపడిన, "చూచితిరా ఫలము!" అందురు. కాకి వ్రాలఁగనే తాటిపండు రాలినందునఁ గాకియే కారణమగునా? "చెప్పువాని నడవడి యేపాటిది?" అని కొంద ఱాక్షేపింతురు. వక్తను దూషించుట వాదమును ఖండించుట కాదు.

ప్రాజ్ఞులగు చదువరులు రెండు సంగతులు మఱవరాదు. హేతువు దుష్టమైనంతమాత్రమున సిద్ధాంత మసత్యము కాదు. దానికి వేఱొక మంచి హేతువు ఉండవచ్చును. మఱియు, "క్రొత్తది గనుక మంచిది" యనుటయు సవ్యభిచారమే. సంస్కరణమును గోరువారు ప్రతిపక్షుల తప్పు లెన్నుటకుముందు తమ వాదములనే యీ యొరగంటిపై గీచి చూచుకొనవలయును. సత్యమునకుఁ గపటహేతువుల సాయ మక్కరలేదు.