వరంగల్: పరిశ్రమలు, పనివారు

నిజాం హయాంలో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఓరుగల్లులో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. అది మూతపడింది. దాంతో ఇక్కడి నేతన్నలు ఎందరో సూరత్, భీవండి, షోలాపూర్ మగ్గాల దగ్గరికి వలస వెళ్లారు. చేయి తిరిగిన ఆ పనివారిని వెనక్కి రప్పించాలన్నదే కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు అసలు ఆశయం. దీనికి 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. దక్షిణ కొరియా సంస్థ యంగ్‌వన్, కేరళకు చెందిన కైటెక్స్ ఇక్కడికి వచ్చాయి. పరిశ్రమలకు కావాల్సిన ఇంజినీర్లను 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ)గా మొదలైన వరంగల్ నిట్ అందిస్తోంది. నగర శివారు మడికొండలో ఐటీ కొలువులున్నాయి. నేత తివాచీలైన వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పోటీ పరీక్షల అభ్యర్థులు తేదీలతో పాటు వలసల కారణాలూ చదవాలి. వ్యాసరూప జవాబుకు బలం అక్కడే ఉంది.