మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ తగ్గదేం?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైపోథైరాయిడ్‌కి రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నా టీఎస్‌హెచ్ తగ్గడం లేదు. పొద్దున్నే కాఫీతో పాటు అదీ, ఐరన్ మాత్రా వేసేసుకుంటాను. డోసు పెంచాలా?

జవాబు: తొందరపడకండమ్మా. ముందు మాత్ర వేసుకునే తీరు మార్చి చూద్దాం. కాఫీ, ఐరన్ రెండూ ఈ మందును సరిగా ఒంటబట్టనివ్వవు. లేవగానే పరగడుపున మంచినీళ్లతో మింగి, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. ఐరన్ మాత్రకు 4 గంటల ఎడం ఉండాలి. మధ్యాహ్నం భోజనం తర్వాతకు జరిపేస్తే గొడవే ఉండదు. క్యాల్షియం వాడినా ఇదే పద్ధతి. ఇలా 6 నుంచి 8 వారాలు చేశాక రక్తపరీక్ష చేయించుకోండి, అంతకన్నా ముందైతే తేడా సరిగా తెలియదు. అప్పటికీ తగ్గకపోతే డోసు సంగతి మీ డాక్టరు చూస్తారు. ఈలోగా నెల తప్పితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్ని కలవండి. గర్భిణులకు సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది.