థార్ ఇసుక తిన్నెలకు వెళ్తున్నారా? చేయవలసినవి, చేయకూడనివి

జైసల్మేర్‌కు పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి సమ్ ఇసుక తిన్నెలు. అక్టోబరు నుంచి మార్చి దాకా తిరగడానికి అనువు. వేసవిలో గదులు చవగ్గా దొరుకుతున్నాయని మాత్రం బయలుదేరకండి. 2016 మే 19న ఇదే ఎడారిలోని ఫలోడీలో 51 డిగ్రీల ఎండ కాసింది.

చేయవలసినవి

ఒంటె లేచేటప్పుడు వెనక్కి వాలండి. అది వెనక కాళ్లు ముందు లేపుతుంది. ఏమరితే దాని మెడ మీదికి తూలిపడతారు. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు వంచుతుంది కాబట్టి అప్పుడూ వెనక్కే వాలాలి. రెండు చేతులూ జీను మీద, ఫోను జేబులో.

దాహం వేయకముందే నీళ్లు తాగండి. ఆ పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. తల తిరిగితే నీడకు చేరి ఓఆర్ఎస్ తాగాలి. అక్కడ నీడ అంటే ఖేజ్రీ చెట్టే. దసరాకు మనం పూజించే జమ్మి అదే. మాట తడబడితే వడదెబ్బ కొట్టినట్టే. ఒళ్లు తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

మెడకో పెద్ద తుండు, సంచిలో స్వెట్టరు ఉండాలి. ఆంధీ, అంటే ఇసుక గాలి, లేస్తే తుండుతో ముక్కూ నోరూ కప్పుకుని, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. స్వెట్టరు రాత్రికి. పొద్దు గుంకితే ఇసుక చప్పున చల్లారిపోతుంది.

చేయకూడనివి

పొద్దు గుంకడం చూడటానికి "అదిగో, ఆ పక్క తిన్నె దాకా" అంటూ ఒంటరిగా వెళ్లకండి. పోల్చుకోవడానికి ఇల్లో చెట్టో లేనిచోట దూరం కంటికి అందదు. రెండు తిన్నెల మధ్య పల్లంలోకి దిగారంటే గుడారాలు కనబడవు. అడుగుజాడలను నమ్ముకుందామంటే గాలి వాటినీ చెరిపేస్తుంది. దారి తప్పితే ఇంకా నడవకండి. దగ్గరి తిన్నె ఎక్కి అక్కడే ఉండి, చీకటి పడితే ఫోను లైటు ఊపండి.

జీపు సఫారీలో డ్రైవరును "ఇంకాస్త స్పీడుగా" అని ఉసిగొల్పకండి. తిన్నెకు గాలి తగిలే వైపు గట్టిగానే ఉంటుంది, అవతలి వైపు నిట్టవాలు, మెత్తటి ఇసుక. శిఖరం దాటేదాకా అటు ఏముందో ఆయనకూ కనబడదు.

పిల్లల్ని ఇసుకలో సొరంగాలు తవ్వనివ్వకండి. పొడి ఇసుక కూలితే ఊపిరాడదు.

రాత్రిపూట చెప్పుల్లేకుండా నడవకండి. ఇసుకలో ఒళ్లు దాచుకునే చిన్న పింజర మూరెడు పామే, విషానికి మాత్రం తక్కువ కాదు. కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు; కాలు కదపకుండా ఆస్పత్రికి చేర్చండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.

ఇది సరిహద్దు జిల్లా, డ్రోన్ ఎగరేయకండి. పోఖ్రాన్ వైపు సైన్యం కాల్పుల సాధన చేసే మైదానం ఉంది. ఇసుకలో ఇనుప తునక కనిపిస్తే జ్ఞాపకంగా ఉంటుందని తీయకండి. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.