ఇంట్లోనే పత్తి మార్కెట్: ఆటతో చదువు మొదలుపెట్టడం ఎలా?

బడి ఈడు రాని బిడ్డకు ఇంట్లోనే చదువు చెప్పాలనుకుంటే, పలక పట్టించే తొందర వద్దు. కట్టెపుల్లను గుర్రమనుకుని తొక్కే బిడ్డకు, ఒకటి ఇంకోదానికి గుర్తుగా నిలుస్తుందని అప్పటికే తెలుసు. రేపు ‘అ’ ఒక శబ్దానికి గుర్తు కావడమూ అంతే. ఆట మీద 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఈ కర్రగుర్రాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు.

ముందు, బిడ్డ కళ్లారా చూసినదాన్నే ఎంచుకోండి. కర్నూలు జిల్లా కౌతాళం పిల్లలకు ఆదోని పత్తి మార్కెట్, ఎమ్మిగనూరు మగ్గం, శ్రావణంలో ఉరుకుంద గుడికి కిక్కిరిసిపోయే బస్సు ఉండనే ఉన్నాయి. కొన్న ప్లాస్టిక్ కిచెన్ సెట్‌కంటే ఇవి వెయ్యిరెట్లు నయం.

తర్వాత సరంజామా. గోనెసంచి, కాస్త దూది, పాత కాగితాలు, కర్రకు వేలాడదీసిన రెండు కొబ్బరిచిప్పల తక్కెడ చాలు. విత్తనాల ప్యాకెట్లలోని రంగు గింజలకు మందు పట్టించి ఉంటారు; వాటినీ, ఖాళీ మందు డబ్బాలనూ దగ్గరికి రానివ్వొద్దు. మూడేళ్లలోపు పిల్లలకైతే శనగలు కూడా వద్దు, ముక్కులో పెట్టుకుంటారు.

ఇక ఆట. బిడ్డ సేటు, మీరు రైతు.

“ఏం సేటూ, నా పత్తి ఎంతకు తీసుకుంటావు?”

“పది రూపాయలు!”

నవ్వొద్దు. “పక్కాయనకు ఇరవై ఇచ్చినావే!” అని బేరమాడండి. ఎక్కువ, తక్కువ, బరువు, తేలిక అన్నీ ఆ బేరంలోనే వస్తాయి. చివర్లో చీటీ అడగండి. నాలుగు వంకరగీతలు గీసి ఇస్తే, ‘ఇది అక్షరం కాదు’ అనకుండా “ఏం రాసినావో చదువు సేటూ” అనండి. కొన్నాళ్లకు చీటీ కింద తన పేరులోని మొదటి అక్షరం పెట్టడం నేర్పండి. సంతకం కావాలి కదా!

నడుమ ‘ఇదేం రంగు?’ అని పరీక్ష పెట్టారంటే ఆట అక్కడితో సరి. గోనెసంచి ఉన్నట్టుండి రైలైపోతే ఎక్కి కూర్చోండి.

విద్యావేత్త మాంటిస్సోరికి మాత్రం ఉత్తుత్తి వంటకంటే నిజం పనే ఇష్టం. ఆ మాటా కొట్టిపారేయలేం. పొద్దున మీతో చిక్కుడుకాయలు వొలిచిన బిడ్డే మధ్యాహ్నం హోటల్ ఆట బాగా ఆడుతుంది. రెండూ చేయించండి.

ఆ చీటీలు మాత్రం పారేయకండి. తేదీ వేసి దాచి, రెండు నెలలకోసారి వరసగా పేర్చి చూడండి. బిడ్డ ఎంత నేర్చుకుందో వాటిలోనే తెలిసిపోతుంది.