చెరువు వెట్‌లాండ్ అవుతుందా?

తెలంగాణకు సముద్రం లేదు, కొల్లేరు లాంటి పెద్ద సహజ సరస్సూ లేదు. అయినా చలికాలం వస్తే మంగోలియా, టిబెట్ వైపు నుంచి బాతులు వస్తాయి. (మంగోలియాకీ సముద్రం లేదు!) తల మీద రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ హిమాలయాలు దాటి వస్తుంది. ట్రాన్స్‌మీటర్ కట్టి చూస్తే 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు రికార్డైంది. ఇంత దూరం వచ్చి ఇక్కడ అది దిగేది ఎక్కువగా మనుషులు కట్ట కట్టి నిలిపిన నీళ్లలోనే.

చిక్కు ఇక్కడే ఉంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం వెట్‌లాండ్ సహజమైనదైనా, మనుషులు చేసినదైనా ఒకటే. కానీ మన దేశంలో 2017లో వచ్చిన వెట్‌లాండ్స్ రూల్స్ నిర్వచనంలోకి ప్రత్యేకంగా తాగునీటి కోసం కట్టిన చెరువులు, సాగునీటి కోసం కట్టినవి రావు. మన చెరువులు చాలావరకు సాగుకోసం కట్టినవే కదా! నిర్వచనం అంటే మన కోడ్‌లో ఇఫ్ కండిషన్ లాంటిది. అక్కడ ఫాల్స్ వస్తే లోపల ఎంత మంచి కోడ్ రాసినా రన్ అవదు.

అందుకే రక్షణ దొరికినవాటికి వేరే చట్టాల్లోంచి దొరికింది. జంట నగరాలకు తాగునీళ్లిచ్చే మంజీరా 1978లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. పటాన్‌చెరు దగ్గరి అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. దాన్ని 2016లో జీవవైవిధ్య చట్టం కింద వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

పేరొక్కటే వస్తే సరిపోదు, అంచు కూడా మిగలాలి. ఉల్లంకి పిట్టలు నాలుగు వేళ్ల లోతు నీళ్లలో, బురదలో ముక్కు గుచ్చి పురుగులు తింటాయి. సూదితోక బాతు తల ముంచి, తోక పైకెత్తి, మెడ అందేంత లోతులోనే మేస్తుంది. వానలకు నిండిన చెరువు చలికాలంలో మెల్లగా తగ్గుతుంటే బయటపడే ఆ మెత్తటి నేలను ఊళ్లలో శిఖం అంటారు. కొన్ని నెలలు ఖాళీ జాగాలా కనిపిస్తుంది కాబట్టి కబ్జా అక్కడే మొదలవుతుంది. బ్యూటిఫికేషన్ అని రాతి గోడ, వాకింగ్ ట్రాక్ వేసేదీ అక్కడే. గోడ కట్టాక ఫోటోలో చెరువు నిండుగా, బాగుంటుంది, ఉల్లంకికి మాత్రం నిలబడే చోటుండదు. నాకైతే కబ్జా కన్నా ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే దీన్ని మనమే లైక్ కొడతాం.

రామ్‌సర్ హోదాకున్న కొలమానాల్లో ఒకటి 20,000 నీటిపక్షులు, ఇంకొకటి ఏదైనా జాతి మొత్తంలో 1 శాతం. ఏదైనా ముందు లెక్క కావాలి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతోంది, వాలంటీర్లే లెక్కపెడతారు. వెళ్తే ఎన్ని బాతులున్నాయో ఒక్కటే కాదు, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, అంచు మట్టిదో రాతిదో కూడా రాసుకోండి.