రీలుతో మొదలెట్టాలా, డిజిటల్ చాలా?

"ఫిల్మ్ మీద చెయ్యి తిరిగితేనే అసలైన ఫొటోగ్రఫీ వస్తుందట కదా సార్?" ఇంటర్ పూర్తిచేసి ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. పాత యాషికాలు, పెంటాక్స్‌లు మళ్లీ మెడల్లో వేలాడుతున్నాయి. 2024లో పెంటాక్స్ కొత్తగా ఒక ఫిల్మ్ కెమెరానే విడుదల చేసింది. దాంతో ఈ అనుమానం ఇంకాస్త ముదిరింది.

ఉపాధి కోసం నేర్చుకునేవారు డిజిటల్‌తోనే మొదలుపెట్టండి, ఇందులో నాకు రెండో మాట లేదు. 'అసలైన' అనే వాదన కూడా నిలబడదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసింది గాజు పలకల మీద. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ప్రభుత్వ కొలువులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఆ తర్వాత ఈ వృత్తిలోకి వచ్చినవాడాయన. పలకలు పోయి రీళ్లు వచ్చాయి, రీళ్లు పోయి కార్డులు వచ్చాయి. 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారైంది కొడాక్ సంస్థలోనే. స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు చేసిన ఆ పెట్టె ఒక్క బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. అదే కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. మన ఊళ్లలో కలర్ ల్యాబులు మూతపడినప్పుడు ఆల్బమ్ డిజైనింగ్‌లోకి మారినవాళ్లు నిలదొక్కుకున్నారు, మారనివాళ్లు వేరే పని చూసుకున్నారు.

డబ్బు సంగతి సరే సరి. 36 ఫొటోల కలర్ రోల్ ఒకటి కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటడం మామూలే. మీ ఊళ్లో కడిగేవాళ్లు లేకపోతే కొరియర్ ఖర్చు అదనం. ఫలితం చేతికొచ్చేసరికి ఏ బొమ్మకు ఏ అపెర్చర్ పెట్టారో గుర్తుండదు. అందుకే అప్పట్లో శ్రద్ధగల శిష్యులు జేబులో చిన్న నోటుబుక్ పెట్టుకుని ప్రతి ఫ్రేము వివరం రాసుకునేవారు. ఇప్పుడు ఆ పని కెమెరాయే చేస్తోంది. షట్టర్ స్పీడ్, అపెర్చర్, ఐఎస్ఓ, లెన్స్ ఫోకల్ లెంగ్త్ అన్నీ ఫైలులోనే నమోదవుతాయి. ఖర్చు లేని ఈ గురువును తెరిచి చూసే విద్యార్థులు మాత్రం తక్కువ. ఆటో స్టాండు దగ్గర నిలబడి, కదిలే ఆటోను 1/30, 1/125, 1/500 సెకన్లలో తీసి, ఇంటికొచ్చి ఆ మూడింటినీ వివరాలతో సహా పక్కపక్కన పెట్టి చూడండి. ఒక రోల్ మీద నేర్చుకునే పాఠం ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది.

అలాగని ఫిల్మ్ కాలం నుంచి తీసుకోవలసిందేమీ లేదనుకోవద్దు. మొదటిది, కాంటాక్ట్ షీట్. నెగెటివ్‌ను ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి, కాగితం మీద పరిచి, పైన అద్దం అదిమి ఒకేసారి ప్రింటు వేసేవారు. గోరంత బొమ్మలు 36, ఒకే కాగితం మీద. భూతద్దం పెట్టి చూసి, ఎర్ర పెన్సిల్‌తో రెండో మూడో గుర్తుపెట్టేవారు. చెడిపోయిన బొమ్మలు కూడా మంచివాటి పక్కనే కనిపించేవి. ఎక్కడ తొందరపడ్డామో, ఎక్కడ ఒక అడుగు ముందుకెయ్యాల్సిందో తేటతెల్లమయ్యేది. ఇవాళ పిల్లలు నచ్చని ఫొటోను అక్కడికక్కడే చెరిపేస్తున్నారు. దాంతోపాటు పాఠమూ పోతోంది. కెమెరాలో ఏదీ చెరపకండి. రాత్రి అన్నీ కంప్యూటర్లో ఒకే తెర మీద పరిచి, 5 ఎంచి, మిగతావి ఎందుకు వద్దో కారణం రాయండి. పెళ్లిలో వేలల్లో తీసినవాటిలోంచి ఆల్బమ్‌కు పనికొచ్చేవి ఏరడం, వార్తాపత్రికకు నిమిషాల్లో ఒక్క ఫొటో పంపడం... జీతమిచ్చేవాళ్లు చూసేది ఈ నేర్పునే.

రెండోది, నొక్కకముందే వెలుగును అంచనా కట్టడం. నడినెత్తిన ఎండ, ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్16 అయితే షట్టర్ సుమారు 1/100 అని మీటరు లేకుండానే చెప్పగలిగేవారు పాతతరం వాళ్లు. ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది కానీ, తప్పు జరిగే దిక్కు మారింది. కలర్ నెగెటివ్ కాస్త ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. డిజిటల్‌లో వరస తిరగబడుతుంది. మధుపర్కాల్లో ఉన్న వధూవరుల మీద వీడియో లైటు పడుతోంది, వెనక మండపం చీకటిగా ఉంది. మీటరు ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. తెల్లటి బట్టలో నేత, మడతలు పోయి కాగితం ముక్కలా మిగులుతుంది. ఎడిటింగ్‌లో తిరిగిరాదు. ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించి, రా ఫైలుగా తీస్తే నీడలను తర్వాత పైకి లేపుకోవచ్చు. కాలిపోయిన చోట్లు తెర మీద మిణుకుమనే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఉంచుకోండి.

చదువుల విషయానికొస్తే, ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ బీఎఫ్ఏ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ అయ్యాక ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్, సినిమా వైపు వెళ్లాలంటే పుణె ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ ఉన్నాయి. పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేద్దామనుకుంటే అది 250 గ్రాములు మించితే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే అర్హులే. చాలామంది ఇది లేకుండానే ఎగరేస్తున్నారు, మీరు ఆ జాబితాలో చేరకండి.

కొనేటప్పుడు సెకండ్ హ్యాండ్ బాడీ చాలు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడిగి చూసుకోండి. మిగిలిన డబ్బు 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ మీద, రెండు హార్డ్ డిస్కుల మీద పెట్టండి. రెండెందుకంటే, ఒకటి పాడైతే పెళ్లివారికి చెప్పుకోవడానికి మాట ఉండదు. ఫిల్మ్ సరదా ఉంటే తెలిసినవాళ్ల కెమెరా అడిగి తెచ్చుకుని ఒక బ్లాక్ అండ్ వైట్ రోల్ తీయండి, వీలైతే మీరే కడగండి. అంతేగానీ ఆ కెమెరా కోసం అప్పు మాత్రం చేయకండి.